ఒకరు చెబితే మనం ఎందుకు కొంటాం? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నోటి మాట గురించే. అమ్మేవాళ్లు రాశారు, కొనేవాళ్లు రాశారు, దీనిమీద పరిశోధన చేస్తున్న విద్యార్థులూ రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, మిగిలిన ఏడింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది వాటర్ ఫిల్టర్లు తయారుచేసే చిన్న సంస్థ. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది "మా స్నేహితురాలు చెప్పింది", "మా బంధువుల ఇంట్లో చూశాం" అనే మొదలుపెడతారు. కొనాలనే ఉందంటారు. తీరా లెక్క చూస్తే కొన్నవాళ్లు కొద్దిమందే. ఇంత మంచి పేరున్నా అమ్మకాలు ఎందుకు పెరగడం లేదు?

జవాబు: నోటి మాట తన వంతు పని చేసేసింది, మనిషిని మీ ఫోన్ దాకా తెచ్చింది. ఆగిపోతున్నది ఆ తర్వాత.

"కొనాలని ఉంది" అనడానికీ డబ్బు కట్టడానికీ మధ్య ఎంత దూరముందో చాలామంది కొలిచారు. థామస్ వెబ్, పాస్కల్ షీరన్ 2006లో 47 ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూశారు. అన్నీ కొనుగోళ్ల మీద చేసినవి కావు గానీ తేలిన సంగతి మీకు పనికొస్తుంది. మార్పు ఎంత పెద్దదో చెప్పే గణాంక కొలతలో, ఉద్దేశంలో 0.66 మేర మార్పు తెస్తే చేతల్లో కనిపించిన మార్పు 0.36. అంటే మనసు మారినంతగా చెయ్యి కదలదు.

ఎందుకు కదలదన్నదానికి ఐసెక్ ఐజెన్ 1991లో ఇచ్చిన నమూనా ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. మనిషి ఉద్దేశం మూడింటి మీద నిలబడుతుంది: ఆ వస్తువు మీద తన అభిప్రాయం, తనవాళ్లు ఏమనుకుంటారన్న ఊహ, ఈ పని తన వల్ల అవుతుందా అన్న అంచనా. నోటి మాట మొదటి రెండింటినీ గట్టిగా పట్టుకుంటుంది. మూడోదాన్ని మాత్రం చాలాసార్లు ముట్టుకోదు. మీ కస్టమర్ తన స్నేహితురాలికి "నీళ్లు చాలా బాగుంటున్నాయి" అని చెబుతుంది. గోడకు ఎన్ని రంధ్రాలు పెట్టాలి, కుళాయి దగ్గర ఎంత జాగా ఉండాలి, కార్ట్రిడ్జ్ ఎన్నాళ్లకు మార్చాలి, అద్దె ఇంట్లో బిగించుకోవచ్చా అనేవి ఆమె చెప్పదు, చెప్పాలని తోచదు కూడా. ఫోన్ చేసినవాళ్లు ఆగేది సరిగ్గా అక్కడే.

ముందు ఒక ఎంక్వైరీ పుస్తకం పెట్టండి. అయిదు గడులు చాలు: తేదీ, ఎవరు చెప్పారు, ఏమని చెప్పారు, ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, 30 రోజుల తర్వాత ఏమైంది. మూడో గడిలో వాళ్ల మాటలు వాళ్లవిగానే రాయాలి. మీ సిబ్బంది "ఫ్రెండ్, బాగుందట" అని రాసి వదిలేస్తారు. దానివల్ల ఉపయోగం లేదు. "వాళ్లింట్లో రెండేళ్ల నుంచి రిపేరు రాలేదట" అని రాసుంటేనే మీ గురించి బయట ఏం నడుస్తోందో తెలుస్తుంది. 50 ఎంక్వైరీలు నిండాక నాలుగో గడిని వరుసగా చదవండి. ఒకే ప్రశ్న పది పదిహేనుసార్లు కనిపిస్తే మీ గురించి చెబుతున్నవాళ్ల మాటల్లో లేనిది అదే. దానికి జవాబును అరచేతిలో పట్టే కార్డు మీద వేసి పాత కస్టమర్లకు ఇవ్వండి. ఇకమీదట వాళ్ల మాటతో పాటు ఆ సమాచారమూ వెళ్తుంది.

కొననివాళ్లకు మళ్లీ ఫోన్ చేసినప్పుడు "ఎందుకు కొనలేదు?" అని అడగకండి. సగంమంది "ధర ఎక్కువ" అనేస్తారు, అది తేలికగా నోటికొచ్చే జవాబు కాబట్టి. "చూద్దామనుకున్నాక తర్వాత ఏం చేశారు? ఇంట్లో ఎవరితో మాట్లాడారు?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

ఇంకొకటి. ఫోన్ పెట్టేసే ముందు "ఆలోచించి చెప్పండి" అనే మాట మానేయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం బాగా పెరుగుతుందని పీటర్ గోల్విట్జర్, షీరన్ 2006లో 94 పరీక్షల్ని కలిపి చూసి తేల్చారు. "శనివారం ఉదయం పదింటికి మా మనిషి వచ్చి గోడ చూసి వెళ్తాడు, ఆ రోజు కొనక్కర్లేదు" అనండి.

కొందరి విషయంలో మాత్రం మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఇంట్లో ఉన్న ఫిల్టర్ ఇంకా పనిచేస్తుంటే ఎంత మంచి మాట విన్నా అది పాడయ్యేదాకా కొనరు. అలాంటివాళ్లను 30 రోజులకే "పోయినవి"గా కొట్టేయకుండా మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి పలకరించండి.

ప్రశ్న: కోపమొచ్చిన కస్టమర్ పదిమందికి చెబుతాడు, సంతోషించినవాడు ఇద్దరికే చెబుతాడు అని ఒక శిక్షణ తరగతిలో విన్నాను. నిజమేనా? చెడ్డ మాటకే బలమెక్కువా?

జవాబు: ఆ పది, ఆ రెండు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పమని అడిగి చూడండి, తరగతి నిశ్శబ్దమైపోతుంది. అన్ని వస్తువులకూ పనికొచ్చే అలాంటి సూత్రం లేదు.

రాబర్ట్ ఈస్ట్, ఆయన సహచరులు 2007లో రకరకాల వస్తువులు, సేవల మీద సర్వేలు చేస్తే, సగటున మంచి మాటలు చెడ్డ మాటలకు మూడు రెట్లున్నాయి. ఆశ్చర్యపడాల్సింది లేదు. జనం ఎక్కువగా తాము వాడుతున్నదాని గురించే మాట్లాడతారు, వాడుతున్నది నచ్చకపోతే ఎప్పుడో మార్చేసి ఉంటారు. యూజీన్ ఆండర్సన్ 1998లో గమనించింది మరో కోణం. మాట పుట్టేది రెండు కొసల్లో, బాగా నచ్చినప్పుడూ అసలు నచ్చనప్పుడూ. నడిమధ్య సంతృప్తి మాట్లాడించదు. చెడ్డ కొస కొంచెం ఎత్తుగా ఉన్న మాట నిజమే గానీ తేడా మీరు విన్నంత లేదు.

ఇక బలం సంగతి. ఇక్కడ పరిశోధనలు ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు ఉంటాయి. ఆన్‌లైన్ పుస్తకాల అమ్మకాల మీద జుడిత్ షెవలియే, దీనా మేజ్లిన్ 2006లో చేసిన అధ్యయనంలో అయిదు స్టార్ల రివ్యూ చేసిన మేలుకన్నా ఒక స్టార్ రివ్యూ చేసిన చెరుపే ఎక్కువ. 2008లో ఈస్ట్ బృందం నేరుగా మనుషుల్నే అడిగితే మంచి మాటే కొనే అవకాశాన్ని ఎక్కువగా కదిలించిందని తేలింది.

చిక్కుముడి విప్పడానికి ఒక చిన్న లెక్క చాలు. మాట వినకముందే ఆ వస్తువు కొనే అవకాశం ఎంతుందో సున్నా నుంచి పది దాకా వేయండి. ఒకరి దగ్గర అది 3 అనుకుందాం. మంచి మాట దాన్ని ఏడు మెట్లు పైకి తీసుకెళ్లగలదు, చెడ్డ మాట మూడే మెట్లు దించగలదు. ఇంకొకరి దగ్గర అది 8 అయితే లెక్క తిరగబడుతుంది. మామూలుగా ఏ ఒక్క బ్రాండ్ విషయంలోనైనా ఎక్కువమంది దగ్గర ఆ అంకె కిందే ఉంటుంది కాబట్టి మొత్తంమీద మంచి మాటకు చోటెక్కువ. ఒక పుస్తకం పేజీ తెరిచి చదువుతున్నవాళ్లు అప్పటికే సగం మనసు చేసుకున్నవాళ్లు. అక్కడ చెడ్డ మాట గట్టిగా తగులుతుందన్నది మా వివరణ.

కాబట్టి మీ సంస్థ పేరు ఇంకా పెద్దగా తెలియనిదైతే విమర్శల్ని తుడిచేయడం మీద కాలం పోగొట్టుకోవద్దు, మంచి మాట పుట్టించే పని చూడండి. పేరున్న సంస్థ అయితే ముందు పగుళ్లు పూడ్చుకోవాలి.

ప్రశ్న: కొత్తరకం ప్లానర్ డైరీ తెస్తున్నాం. నోటి మాట కోసం 100 కాపీలు ఉచితంగా పంచుదామని ఆలోచన. మా పాత కస్టమర్లకు ఇవ్వాలా, సోషల్ మీడియాలో లక్షల ఫాలోవర్లున్నవాళ్లకా, అసలు మేమెవరో తెలియనివాళ్లకా?

జవాబు: మొదట మాట ఎలా నడుస్తుందో చూడండి. దగ్గరివాళ్లు చెప్పేది నమ్ముతాం, అయితే దగ్గరివాళ్ల మధ్య మాట అక్కడక్కడే తిరుగుతుంది. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు దాటించేది ముఖపరిచయస్తులు. మార్క్ గ్రానొవెటర్ 1973లో ఉద్యోగాలు దొరికే తీరు చూసి చెప్పిన సంగతి ఇది. జాక్లిన్ బ్రౌన్, పీటర్ రీంగెన్ 1987లో పియానో టీచర్ల దగ్గరికి విద్యార్థులు ఎవరు చెబితే వచ్చారో ఒక్కో లంకెనూ వెనక్కి తవ్వుకుంటూ పోయి ఇదే చూశారు. గుంపులు దాటిన చోటల్లా పలుచని పరిచయాలున్నాయి, నిర్ణయాన్ని మార్చిన చోట దగ్గరితనం ఉంది.

పాత కస్టమర్ల విషయంలో చాలామంది పొరబడతారు. మీ మీద అభిమానమున్నవాళ్లు తమ స్నేహితులందరికీ మీ గురించి ఎప్పుడో చెప్పేసి ఉంటారు. వాళ్ల చేతికి ఇంకో కాపీ ఇస్తే విన్నవాళ్లే మళ్లీ వింటారు. డేవిడ్ గోడెస్, మేజ్లిన్ 2009లో ఒక సంస్థతో కలిసి నిజమైన ప్రచారంలో పరీక్షిస్తే, అమ్మకాలు పెంచిన మాటలు అంతగా అభిమానం లేనివాళ్లు తమ పరిచయస్తులతో ఆడినవేనని తేలింది.

లక్షల ఫాలోవర్ల సంగతి వేరు. అది ప్రచారమే. డబ్బిచ్చి చెప్పిస్తే ఆ సంగతి వాళ్లు బయటపెట్టాలి కూడా. ఎలైహు కాట్జ్, పాల్ లాజర్స్‌ఫెల్డ్ అమెరికాలోని డెకేటర్ పట్టణంలో ఆడవాళ్లతో మాట్లాడి 1955లో ప్రచురించిన ఫలితాల్లో మనం మరిచిపోయే ముక్క ఒకటుంది. ఎదుటివాళ్ల నిర్ణయాల్ని మార్చేవాళ్లు చాలావరకు వాళ్లలాంటివాళ్లే, పై మెట్టు మీద కూర్చున్నవాళ్లు కారు. పైగా బట్టల విషయంలో మాట చెల్లేవాళ్లు వేరు, సినిమాల విషయంలో వేరు. డైరీల విషయంలో మాట చెల్లేది ఆఫీసులో అందరి పనీ గుర్తుపెట్టుకునే ఆ ఒక్క మనిషికి. ఆమెకు ఫాలోవర్లు 200 మందే ఉండొచ్చు.

మీ 100 కాపీల్ని ఇలా పంచమంటాం. 20 కాపీలు పాత కస్టమర్లకు, పొగడ్తల కోసం కాదు, లోపాలు పట్టించుకోవడానికి. బైండింగ్ ఊడుతోందా, ఇంకు అవతలి పేజీకి దిగుతోందా అన్నది మిగతావి బయటికి వెళ్లకముందే తేలాలి. 60 కాపీలు ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై చోట్లకు, చోటుకు మూడు చొప్పున. ఒక్కరికే ఇస్తే అది సొరుగులోకి పోతుంది. ముగ్గురి బల్లల మీద కనబడితే నాలుగో మనిషి అడుగుతాడు. మిగిలిన 20 దగ్గరుంచుకుని, అలా అడిగినవాళ్ల పేర్లు వచ్చాక ఇవ్వండి.

కంటికి కనబడడం ఎంత పనిచేస్తుందో విలియం వైట్ 1954లో ఫిలడెల్ఫియాలో ఇళ్ల వరుసల్ని గమనించి రాశారు. కిటికీ ఏసీలు ఒకే రకం ఇళ్లలో కూడా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక వరుసలో వరసపెట్టి చాలా ఇళ్లకు ఉంటే, వీధి అవతల అలాంటి ఇళ్లకే అంతంతమాత్రం. ఇరుగుపొరుగు మాటలు నడిచే దారినే ఏసీలూ నడిచాయి. మీ డైరీ అట్ట కూడా నాలుగడుగుల దూరం నుంచి "ఇదేంటి?" అనిపించేలా ఉండాలి. వింతగా ఉంటే చాలనుకోవద్దు. జోనా బెర్గర్, ఎరిక్ షువార్ట్జ్ 2011లో చూసినదాని ప్రకారం ఆసక్తికరమైన వస్తువు మొదట్లో మాట్లాడిస్తుంది, రోజూ కంటపడి గుర్తుకొచ్చే వస్తువే తర్వాత కూడా మాట్లాడిస్తుంది.

చివరగా, ఏడాది మొదలవడానికి ఆరు వారాల ముందు పంచండి. ఏడాది మధ్యలో డైరీ ఇస్తే మాట పుట్టినా దానికి కొనుగోలు తోడవదు, కొనే కాలం వచ్చేసరికి మాట చల్లారిపోతుంది.

ప్రశ్న: "మీ స్నేహితుడిని చేర్పించండి, బహుమతి పొందండి" అనే పథకం పెడదామనుకుంటున్నాం. డబ్బిచ్చి చెప్పిస్తే నోటి మాటకున్న విలువ పోదా?

జవాబు: కొంత పోతుంది. యోహాన్ ఆర్ంట్ 1967లోనే నోటి మాటను నిర్వచిస్తూ, చెప్పేవాడికి అందులో వ్యాపార లాభం లేదని వినేవాడు అనుకోవడమే దాని ప్రాణమన్నారు. అయినా పథకం సరిగ్గా కడితే ఫలితముంటుంది. ఒక జర్మన్ బ్యాంకు కస్టమర్లలో దాదాపు 10,000 మందిని మూడేళ్ల పాటు గమనించిన ఫిలిప్ ష్మిట్, బెర్న్ట్ స్కీరా, క్రిస్టఫ్ వాన్ డెన్ బుల్ట్ (2011), ఎవరో చేర్పించగా వచ్చినవాళ్లు నిలిచి ఉండే అవకాశం 18 శాతం, వాళ్ల విలువ సగటున 16 శాతం ఎక్కువని చూపించారు. చేర్పించేవాడు తన స్నేహితుడికి ఏది సరిపోతుందో ఎంచి మరీ చెబుతాడు. ఆ ఎంపిక పనే మీకు లాభం.

ఆ ఎంపిక దెబ్బతినకుండా చూసుకోండి. బహుమతి మరీ పెద్దదైతే ఎవరిని పడితే వాళ్లను తోలుకొస్తారు. గాంగ్‌సోగ్ ర్యూ, లారెన్స్ ఫీక్ 2007లో చూసిందీ అదే: బహుమతి ఉంటే చెప్పడం పెరుగుతుంది, దాని పరిమాణం పెంచినంత మాత్రాన అంతగా పెరగదు. దగ్గరి స్నేహితుల మధ్య చెప్పేవాడికి మొత్తం ఇస్తే వాడికి ఇబ్బంది, "నన్ను అమ్ముకున్నావా" అనిపించుకోవాలి. వినేవాడికి కూడా వాటా ఇస్తే ఆ మాట నోరారా చెప్పగలుగుతాడు. ఇద్దరికీ సమానంగా, బయటికి కనబడేలా ఇవ్వమని మా సలహా.

పథకాలు కూలేది ఎక్కువగా నిబంధనల దగ్గరే. బహుమతి ఎంక్వైరీకి ఇవ్వకండి, మొదటి చెల్లింపు అయ్యి వాపసు గడువు దాటాకే ఇవ్వండి. ఒక్కొక్కరికి విడి కోడ్ ఉండాలి. ఒకే చిరునామా, ఒకే ఫోన్ నంబర్ ఉంటే తనను తానే చేర్పించుకుంటున్నాడని అర్థం. ఏడాదికి ఒకరు ఎంతమందిని చేర్పించవచ్చో పరిమితి పెట్టండి, లేకపోతే కోడ్లు అమ్ముకునేవాళ్లు తయారవుతారు. షరతులు మూడు వాక్యాలు దాటితే ఎవరూ చదవరు, తర్వాత గొడవ మీతోనే. రివ్యూ రాస్తేనే బహుమతి అని మాత్రం ముడిపెట్టొద్దు. మంచి రివ్యూ రాస్తేనే అన్నారంటే చాలా దేశాల్లో చట్టమే ఒప్పుకోదు.

ప్రశ్న: ఒకే రకం వస్తువులు రెండు. ఒకదానికి 36 రివ్యూలు, సగటు 4.8 స్టార్లు. రెండోదానికి 1,200 రివ్యూలు, సగటు 4.4. ఏది కొనాలి?

జవాబు: అంకె ఒక్కటే చూస్తే మొదటిది. తక్కువ రివ్యూలున్నప్పుడు సగటు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి దాన్ని కాస్త కిందికి లాగి చూడాలి. ఆ రకం వస్తువుల మొత్తం సగటు 4.2 అనుకుని, రెండింటికీ 4.2 చొప్పున 50 ఉత్తుత్తి రివ్యూలు కలపండి. మొదటిది 4.45కు దిగుతుంది, రెండోది 4.39 దగ్గర నిలబడుతుంది. 0.4 తేడా 0.06కు వచ్చేసింది. ఇక స్టార్లు పక్కన పెట్టి మాటలు చదవండి.

ఏవి చదవాలి? స్టార్ల పంపిణీ చాలాచోట్ల ఒకేలా ఉంటుంది: అయిదు స్టార్లవి కుప్పలు, నాలుగు స్టార్లవి కొన్ని, ఒక స్టార్‌వి కొన్ని, మధ్యలో దాదాపు ఖాళీ. నచ్చుతుందనుకున్నవాళ్లే కొంటారు, కొన్నవాళ్లలో బాగా నచ్చినవాళ్లు, బాగా నచ్చనివాళ్లే రాస్తారు. అందుకే రెండు, మూడు స్టార్లవి ముందు చదవండి. మేలూ కీడూ కలిపి రాసేది వాళ్లే. గత ఆరు నెలలవే తీసుకోండి, ఎందుకంటే పాత మోడల్ రివ్యూల్ని కొత్త మోడల్ కిందికి కలిపేయడం మామూలే. ఏ భాగం, ఎన్ని నెలలకు, ఏ వాడకంలో పాడైందో చెప్పే ఒక్క రివ్యూ ముందు "సూపర్, బాగుంది"లు యాభై దిగదుడుపే.

మొదట పడ్డ రివ్యూల వెంటే తర్వాతివీ నడుస్తాయని కూడా గుర్తుంచుకోండి. లెవ్ ముచ్నిక్, సినన్ ఆరల్, షాన్ టేలర్ 2013లో ఒక వార్తల సైట్ వ్యాఖ్యలకు తామే ఒక్కొక్క అనుకూల ఓటు వేసి వదిలారు. తర్వాత చూసిన మొదటి మనిషి అనుకూలంగా ఓటేసే అవకాశం 32 శాతం పెరిగింది, చివరికి స్కోరు సగటున 25 శాతం ఎక్కువైంది. ప్రతికూల ఓటు వేస్తే మాత్రం జనమే సరిదిద్దేశారు. పొగడ్తకు గుంపు తోడవుతుంది, తిట్టుకు అంతగా కాదు.

ఇంకో తమాషా. "తప్పకుండా కొనండి" అని గట్టిగా చెప్పేవాళ్లు ఆ విషయం తక్కువ తెలిసినవాళ్లు, బాగా తెలిసినవాళ్లు "నాకు నచ్చింది" అని ఊరుకుంటారు. గ్రాంట్ ప్యాకర్డ్, బెర్గర్ 2017లో ఇది చూపించారు. మనల్ని ఎక్కువ కదిలించేది మొదటి మాటే కావడం విచారకరం.

అన్నింటికీ రివ్యూలు ఒకేలా పనికిరావు. కొలతలు, రంగు లాంటివి ముందే చూసుకోవచ్చు, దానికి ఎవరి మాటా అక్కర్లేదు. వాడితేగానీ తెలియనివాటికి రివ్యూలు బాగా ఉపయోగపడతాయి. వాడాక కూడా తెలియనివి కొన్ని ఉంటాయి, విటమిన్ మాత్రలు, ఇంజన్ ఆయిల్‌లో కలిపే మందుల లాంటివి. వాటికి వెయ్యి అయిదు స్టార్లున్నా అర్థం ఒక్కటే, వెయ్యిమందికి పని జరిగినట్టు అనిపించింది. అక్కడ పరీక్షల నివేదిక వెతకండి.

ప్రశ్న: నోటి మాట, నమ్మకం, కొనుగోలు ఉద్దేశం మీద 300 మందితో ప్రశ్నావళి నింపించాను. నా పరికల్పనలన్నీ నెగ్గాయి, ఆర్ స్క్వేర్ (ఫలితంలోని తేడాల్లో ఎంత భాగాన్ని నా నమూనా వివరిస్తోందో చెప్పే అంకె) 0.7 వచ్చింది. మా గైడ్ గారు "ఇంత బాగా వస్తే అనుమానించాలి" అంటున్నారు. తప్పెక్కడ?

జవాబు: గైడ్ గారు చెప్పింది నిజం. అంకెల జోలికి పోకముందు మీ ప్రశ్నావళి తీసి, నోటి మాట కింద ఉన్న ప్రశ్నల్ని పైకి చదవండి. "స్నేహితులు మంచిదని చెబితే ఆ వస్తువు కొనడానికి ఇష్టపడతాను" లాంటిది ఉందా? చాలామంది వాడే ప్రశ్నావళుల్లో ఉంటుంది. అది నోటి మాట కాదు, కొనుగోలు ఉద్దేశమే. ఒకే సంగతిని రెండు పేర్లతో అడిగి, రెండింటికీ సంబంధముందని తేల్చినట్టయింది. అలాంటివి తీసేసి లెక్క మళ్లీ వేయండి. ఆర్ స్క్వేర్ ఎంత పడిపోతుందో చూస్తే జబ్బు ఎంతో తెలుస్తుంది. రెండు భావనలు నిజంగా వేర్వేరా అని చూసే హెచ్‌టీఎంటీ విలువ 0.85 దాటితే ఆ రెండు భావనలూ విడివిడిగా నిలబడటం లేదని అర్థం. ఒక భావన కింది ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొసగుతాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటాలని అందరూ చూస్తారు, 0.95 దాటితే ఒకే ప్రశ్నను మాటలు మార్చి అడిగారని ఎవరూ చూడరు.

రెండో జబ్బు: ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో, ఒకే రకం అయిదు అంకెల మీద అన్నింటికీ టిక్ పెట్టడం. దీనివల్ల లేని సంబంధాలు కూడా పుట్టుకొస్తాయి. జవాబుల్లోని తేడాల్లో ఎక్కువ భాగం ఒకే కారణం నుంచి వస్తోందా అని చూసే హార్మన్ పరీక్ష పెట్టి "50 శాతం దాటలేదు, సమస్య లేదు" అని రాయడం ఆనవాయితీ అయింది గానీ ఆ పరీక్షకు అంత పట్టు లేదని ఫిలిప్ పోడ్సాకాఫ్ బృందం 2003లోనే చెప్పింది.

మూడోది: దిశ. కొనాలనుకున్నవాళ్లే నలుగురినీ అడుగుతారు. అప్పుడు ఉద్దేశమే మాటను పుట్టించింది. మీ సర్వే ఈ రెండింటినీ విడదీయలేదు. ఫారం లింకును క్లాస్ గ్రూపుల్లో పంపి నింపించి ఉంటే ఇంకో చిక్కు, వాళ్లంతా ఒకరి మాట ఒకరు వినేవాళ్లే కాబట్టి 300 జవాబులు 300 స్వతంత్రమైన జవాబులు కావు.

మళ్లీ చేసే వీలుంటే ఇలా చేయండి. అభిప్రాయం కాకుండా సంఘటన అడగండి: గత 30 రోజుల్లో ఆ వస్తువు గురించి ఎవరైనా మీతో చెప్పారా, ఎవరు, మీరు అడిగితే చెప్పారా వాళ్లంతట వాళ్లే చెప్పారా, మంచా చెడా. కొనుగోలు ఉద్దేశానికి అయిదు అంకెల బదులు జస్టర్ స్కేలు వాడండి. అందులో 0 నుంచి 10 దాకా పదకొండు మెట్లుంటాయి, 0 అంటే నూటికి ఒక్క వంతు, 10 అంటే నూటికి 99 వంతుల అవకాశం. ఆరు వారాల తర్వాత రెండో విడతలో "కొన్నారా?" అని ఒక్క ప్రశ్న వేయండి. 40 శాతం మంది తప్పుకుంటారనుకుంటే, చివరికి 200 మంది మిగలాలంటే మొదట 334 మంది కావాలి.

రెండో విడతలో ఇంకో 50 మందిని కొత్తగా చేర్చండి. వాళ్లను మొదట ఏమీ అడిగి ఉండకూడదు. ఉద్దేశం అడగడమే కొనుగోలును పెంచుతుందని విక్కీ మోర్విట్జ్ బృందం 1993లో కార్లు, కంప్యూటర్ల విషయంలో చూపించింది. మీ ప్రశ్నావళే వాళ్లను కొనిపించిందా అన్నది ఈ 50 మందితో పోలిస్తే తెలుస్తుంది.

అంత సమయం లేకపోతే చిన్న ప్రయోగం చాలు. మంచి మాట, చెడ్డ మాట. దగ్గరి స్నేహితుడు, ముఖపరిచయస్తుడు. నాలుగు రకాల సన్నివేశాలు, ఒక్కోదానికి 50 మంది, ఎవరికి ఏది అన్నది లాటరీ వేసినట్టు పంచాలి. పాత డేటాతోనే సమర్పించక తప్పదంటే, కనీసం సిద్ధాంత వ్యాసం పేరులోంచి "కొనుగోలు ప్రవర్తన" అన్న మాట తీసేయండి. మీరు కొలిచింది ఉద్దేశాన్ని మాత్రమే.

ప్రశ్న: మా బండ్ల సర్వీస్ సెంటర్ మీద ఆన్‌లైన్‌లో ఒక ఘాటైన రివ్యూ పడింది. సగం అబద్ధం. జవాబు రాయాలా, తీయించాలా?

జవాబు: రాయండి. 24 గంటల్లో, నాలుగు వాక్యాల్లో. ఆ రాసిన మనిషిని గెలవడం కోసం కాదు, రేపు చదివేవాళ్ల కోసం. మొదటి వాక్యంలో వాళ్లు చెప్పిన నిజం భాగాన్ని ఒప్పుకోండి. రెండో వాక్యంలో తేదీ, జాబ్ నంబర్ ఆధారంగా ఏం జరిగిందో చెప్పండి, కస్టమర్ వ్యక్తిగత వివరాలు రానివ్వకండి. మూడోది మీరు చేసిన లేదా చేయబోయే పని, నాలుగోది మాట్లాడాల్సిన మనిషి, సమయం. "అబద్ధం" అన్న మాట వద్దు. అన్ని రివ్యూల కిందా ఒకే క్షమాపణ అతికించడం అసలే వద్దు, పైనుంచి కిందికి చదివేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. తీయించడం ప్లాట్‌ఫామ్ నిబంధనల్ని ఉల్లంఘించినప్పుడే. రివ్యూల సేకరణ, పరిశీలన, ప్రచురణ ఎలా ఉండాలో 2018 నాటి ఐఎస్ఓ 20488 అనే అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది, అందులోనూ చెడ్డది కాబట్టి తీసేయమనే వెసులుబాటు లేదు.

జవాబులిస్తే ఏమొస్తుందో దవీదె ప్రొసెర్పియో, యోర్గోస్ జెర్వాస్ 2017లో హోటళ్ల మీద లెక్కగట్టారు. జవాబులివ్వడం మొదలుపెట్టాక రివ్యూలు 12 శాతం, సగటు రేటింగ్ 0.12 స్టార్లు పెరిగాయి. చెడ్డ రివ్యూలు తగ్గాయి, పడ్డవి మాత్రం పొడుగయ్యాయి. యాజమాన్యం చదువుతుందని తెలిశాక గాలి తిట్లు తిట్టేవాళ్లు తప్పుకుంటారు, నిజంగా దెబ్బతిన్నవాళ్లు వివరంగా రాస్తారు. అలాంటివి వస్తే కంగారుపడకండి, వాటిని సర్వీస్ మేనేజర్ బల్ల మీద పెట్టండి.

పొరపాటు జరిగాక బాగా సరిదిద్దితే కస్టమర్ ముందుకన్నా ఎక్కువ అభిమానిస్తాడని ఒక మాట ప్రచారంలో ఉంది. 2007లో సెల్సో అగుస్తో దె మాతోస్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల్ని కలిపి చూస్తే సంతృప్తి పెరగడం వరకు నిజమే. మళ్లీ కొనడంలోనూ, నలుగురికి చెప్పడంలోనూ ఆ పెరుగుదల కనబడలేదు. కాబట్టి ఆ కస్టమర్‌కు బాగు చేసి ఇచ్చిన వెంటనే "ఇప్పుడు మంచి రివ్యూ రాయండి" అని అడగకండి. రెండు వారాలాగి, బండి బాగా నడుస్తోందా అని ఫోన్ చేసి కనుక్కోండి. పాత రివ్యూ మార్చాలనిపిస్తే వాళ్లే మారుస్తారు.